1200 మీటర్ల పరుగు

(చెన్నై పెరంబూరులో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో, రైల్వే పట్టాల నిర్వహణ విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక ఇంజినీరు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అమ్మలకు, ముందు వరుసలో బుద్ధిగా కూర్చున్న పిల్లలకు నమస్కారం.

పెరంబూరులో రైలు గురించి మాట్లాడమంటే వంటవాళ్ల ఇంట్లో పప్పు వండి పెట్టినట్టు ఉంటుంది. 1955లో ఇక్కడ రైలు పెట్టెల కర్మాగారం మొదలైంది. ఈ హాల్లో సగం ఇళ్లలో ఎవరో ఒకరు అందులోనో, పక్కనున్న వర్క్‌షాపుల్లోనో పనిచేసినవారే. మీరు పెట్టెలు కట్టినవారు. నేను ఆ పెట్టెల కింద ఉన్నదాన్ని చూసుకున్నవాణ్ని. పట్టా, దాని కింద అడ్డంగా వేసే స్లీపరు దిమ్మె, కంకర, కట్ట. ముప్పై ఏళ్లకు పైగా నా లోకం అంతే. అందుకే పట్టాల మీద ఏదో అడ్డం పడితే బండికి ఏమవుతుంది, అప్పుడు మనిషి ఏం చేయగలడు అన్న విషయం చెబుతానని ఒప్పుకున్నాను.

ముందు ఒక రాత్రి సంగతి చెబుతాను. 2024 ఫిబ్రవరి. మన తమిళనాడులోనే, తెన్‌కాశి జిల్లా పులియరై దగ్గర. కొండ వాలు మీద రోడ్డు, కింద రైలు మార్గం. అర్ధరాత్రి దాటాక ప్లైవుడ్ వేసుకుని వస్తున్న లారీ అదుపు తప్పి పై నుంచి పట్టాల మీద పడింది. ఆ దగ్గరలో ఒక ముసలి దంపతులు ఉన్నారు. చప్పుడు విని లేచి వచ్చి చూశారు. లారీ అడ్డంగా పడి ఉంది. దూరంగా రైలు వస్తోంది. ఇద్దరూ చేతిలోని టార్చిలైటు ఊపుకుంటూ పట్టాల వెంట రైలుకు ఎదురు పరుగెత్తారు. రైలు ఆగింది. తరువాత ముఖ్యమంత్రి వాళ్లను పిలిచి 5 లక్షల రూపాయలు ఇచ్చి సత్కరించారు.

ఆ వార్త చదివిన రోజు నేను చాలాసేపు పత్రిక చేతిలో పట్టుకునే కూర్చున్నాను. వాళ్లు చేసిన పని మా రూలు పుస్తకంలో ఉన్న పని. మా మనుషులకు శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, ఏడాదికేడాది గుర్తుచేసి నేర్పించే పనిని ఆ ఇద్దరూ ఎవరూ చెప్పకుండానే చేశారు. లారీ దగ్గర నిలబడి కేకలు వేయలేదు. లారీని కదపాలని చూడలేదు. రైలుకు ఎదురు వెళ్లారు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ పరుగు గురించే.

ఎందుకు పరుగెత్తాలో లెక్క చెబుతాను. చెన్నై నుంచి గూడూరు వెళ్లే దారిలో ఇప్పుడు బండ్లకు గంటకు 130 కిలోమీటర్ల వేగం వరకు అనుమతి ఉంది. అంటే సెకనుకు 36 మీటర్లు. ఈ హాలు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క సెకను కూడా పట్టదు. రాత్రిపూట ఇంజను దీపం పట్టాల మీద పడి ఉన్న వస్తువును కొన్ని వందల మీటర్ల దూరం వరకే చూపిస్తుంది. మూడు వందలు అనుకోండి. ఎనిమిది సెకన్లు. అందులోనే బండి నడిపే లోకోపైలట్ దాన్ని చూడాలి, చెట్టా, నీడా, గేదా అని తేల్చుకోవాలి, బ్రేకు వేయాలి. ఇరవైకి పైగా పెట్టెలున్న బండి ఆ వేగంలో బ్రేకు వేశాక ఆగడానికి దాదాపు కిలోమీటరు తీసుకుంటుంది. కన్ను చూసేది మూడు వందల మీటర్లు, బండి ఆగేది వెయ్యి మీటర్లకు. మధ్యలో ఆ ఏడు వందల మీటర్ల లోటు ఉంది చూశారా, ముప్పై ఏళ్లు నా జీతం దానికే.

పట్టాల మీద అడ్డం కనిపిస్తే మా మనిషి ఏం చేయాలో రూలు ఉంది. ఎర్ర జెండా, రాత్రయితే ఎర్ర దీపం చూపిస్తూ రైలు వచ్చే వైపు నడవాలి. 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటర్ పెట్టాలి. ఇంకా ముందుకు వెళ్లి 1200 మీటర్ల దగ్గర మూడు డిటోనేటర్లు, ఒక్కొక్కదానికి పది మీటర్ల ఎడం ఉండేట్టు పెట్టాలి. డిటోనేటర్ అంటే అరచేతిలో పట్టే రేకు డబ్బీ. రెండు పక్కలా ఉన్న మెత్తని రెక్కలు పట్టా చుట్టూ మడిచి బిగిస్తాం. చక్రం ఎక్కగానే తుపాకీ పేలినట్టు పేలుతుంది. మంచులో, వానలో దీపం కనబడకపోయినా ఆ చప్పుడు వినబడుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఒక సందేహం ఉండేది. 1200 మీటర్ల దగ్గర మూడు పెట్టాలని ఉంటే, దారిలో 600 దగ్గర ఆ ఒక్కటీ ఎందుకు? దండగ కదా? పట్టాల పనివాళ్ల జట్టుకు పెద్ద అయిన ఒక పాత గ్యాంగ్‌మేటు నాకు చెప్పాడు: "అయ్యా, మనం ఆ చివరికి చేరేలోపు బండి వచ్చేస్తేనో?" అప్పటి నుంచి ఆ రూలును నేను చాలా గౌరవంగా చూశాను. అది రాసినవారు మనిషి కాళ్ల వేగాన్ని, బండి వేగాన్ని పక్కపక్కన పెట్టి ఆలోచించారు.

ఇక అడ్డం తగిలితే బండి పట్టాలు ఎందుకు తప్పుతుంది? రైలు చక్రం లోపలి వైపు ఒక అంచు ఉంటుంది. దాని లోతు సుమారు 28 మిల్లీమీటర్లు. మీ బొటనవేలి చివరి కణుపంత. అంత బండిని, అంత వేగంలో, పట్టా మీద నిలబెట్టేది ఆ కణుపంత ఇనుమే. ఏదైనా వస్తువు చక్రం కింద దూరి, చక్రాన్ని ఆ ఎత్తుకు మించి లేపి, అదే క్షణంలో పక్కకు నెట్టిందంటే బండి దిగిపోతుంది. కంకర రాయి ఒకటి పట్టా మీద ఉంటే బరువైన ఇంజను చాలాసార్లు దాన్ని పిండి చేసుకుని వెళ్లిపోతుంది. ఆడుకుంటూ రాళ్లు పెట్టే పిల్లలు అది చూసి ఏమీ కాదనుకుంటారు. ఆ తరువాత వచ్చేది ఏ బండో, ఎంత తేలికో, అక్కడ మలుపు ఉందో లేదో వాళ్లకు తెలియదు. నాయనలారా, మీకు చేతులెత్తి చెబుతున్నాను, నాణెం కూడా పెట్టకండి. నాణెం వల్ల బండికి ఏమీ కాదు. నాణెం కోసం వంగిన పిల్లలను నేను చూశాను. అంతకంటే ఇక్కడ చెప్పలేను.

తేలిక అన్నాను కదా, దానికి ఒక పెద్ద సాక్ష్యం ఉంది. 1984 జులై 30న స్కాట్లాండ్‌లో పోల్‌మంట్ అనే చోట ఒక ఎక్స్‌ప్రెస్ గంటకు దాదాపు 137 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఆవును ఢీకొంది. పట్టాలు తప్పి 13 మంది చనిపోయారు. ఒక్క ఆవు! ఇంజను ముందుంటే ఆ ప్రమాదం అంత దూరం పోయేది కాదేమో. ఆ బండికి ఇంజను వెనుక ఉండి నెడుతోంది. ముందున్నది డ్రైవరు గది ఉన్న తేలికపాటి పెట్టె. ఆవు శరీరం ఆ పెట్టె చక్రాల కింద పడి దాన్ని లేపేసింది. కంచె తెగిన చోట నుంచి ఆవు లోపలికి వచ్చింది. ఆ తరువాతే అలాంటి పెట్టెల ముందు అడ్డాలను తోసేసే బరువైన ఇనుప కవచాలు బిగించారు.

మన ఊళ్లో తయారైన వందేభారత్ 2022 అక్టోబరు 6న గుజరాత్‌లో గేదెలను ఢీకొని ముక్కు ఊడిన బొమ్మ పత్రికల్లో వచ్చినప్పుడు, పెరంబూరులో చాలామంది మనసు కష్టపెట్టుకున్నారు. కష్టపెట్టుకోనక్కరలేదు. ముందున్న ఆ ముక్కు మార్చుకోదగిన తొడుగు. బండి పట్టాల మీదే ఉంది, అందరూ క్షేమం. నాకు బాధ వేరు. గేదె పట్టాల మీదకు రావడానికి కంచెలో సందు ఉంది. ఆ సందు పూడ్చడం కర్మాగారం పని కాదు. అది నా శాఖ పని, ఆ పక్క ఊరి పని.

ఇప్పుడు నేను ఎక్కువ సేపు నిలబడవలసిన చోటుకు వచ్చాను. అడ్డం వల్ల జరిగే పెద్ద ప్రమాదాల్లో చాలాసార్లు ఎక్కువ ప్రాణాలు తీసేది ఆ అడ్డం కాదు. రెండో బండి.

1995 ఆగస్టు 20, ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్. కాళింది ఎక్స్‌ప్రెస్ ఒక నీల్‌గాయ్‌ను, అంటే పెద్ద జింక జాతి జంతువును, ఢీకొంది. పట్టాలు కూడా తప్పలేదు. బ్రేకులు పట్టేసి ఆగిపోయింది, అంతే. ఆ బండి అక్కడే ఉందని తెలియక సిగ్నల్ దగ్గరివారు వెనుక వస్తున్న పురుషోత్తమ్ ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇచ్చారు. అది పూర్తి వేగంతో వచ్చి వెనుక నుంచి గుద్దింది. 300 మందికి పైగా చనిపోయారు. ఆ జంతువు మొదటి బండిని ఆపింది, అంతకు మించి ఏమీ చేయలేదు. ఆగిన బండి తరువాతి బండికి అడ్డమైంది.

2001 ఫిబ్రవరి 28, ఇంగ్లండ్‌లో సెల్బీ దగ్గర. నిద్రమత్తులో ఉన్న ఒకతని వాహనం పెద్ద రహదారి మీద నుంచి జారి కింద పట్టాల మీదకు దిగిపోయింది. అతను బయటపడి అత్యవసర నంబరుకు ఫోను చేసి మాట్లాడుతున్నాడు. మాట్లాడుతుండగానే ఎక్స్‌ప్రెస్ వచ్చి వాహనాన్ని ఢీకొంది. ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పినా, పడిపోకుండా నిలబడే ముందుకు జారుతోంది. కొంచెం దూరంలో పాయింట్లు ఉన్నాయి. అంటే బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే చోటు. అక్కడ తప్పిన చక్రాలు పక్కకు తిరిగి, బండి ఎదురు లైనులోకి ఒరిగింది. ఎదురుగా బొగ్గు బండి. 10 మంది చనిపోయారు. ఇద్దరు డ్రైవర్లూ పోయారు.

2023 జూన్ 2న బాలాసోర్ గురించి ఇక్కడ చెప్పనక్కరలేదు. షాలిమార్ నుంచి మన సెంట్రల్‌కు రావలసిన కోరమాండల్ అది. ఆ రాత్రి ఈ స్టేషనులో సహాయ కేంద్రం దగ్గర నిలబడినవారు ఈ హాల్లో కూడా ఉండి ఉంటారు. సిగ్నల్ తీగల పనిలో జరిగిన తప్పు వల్ల బండి లూప్ లైనులోకి, అంటే స్టేషనులో బండ్లు ఆగే పక్క దారిలోకి మళ్లి, అక్కడ ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. చెదిరిన పెట్టెలు పక్క లైను మీద పడ్డాయి. అదే సమయంలో ఆ లైనులో యశ్వంత్‌పూర్–హావ్‌డా ఎక్స్‌ప్రెస్ వెళ్తోంది. దాని చివరి పెట్టెలకు అవి తగిలాయి. 290 మందికి పైగా పోయారు. అక్కడ ఎవరికీ పరుగెత్తే వ్యవధి కూడా లేదు.

అందుకే ప్రతి ఇంజను మీద పసుపు రంగు ఫ్లాషర్ దీపం ఉంటుంది. మీ బండి ఏదైనా ఢీకొని ఆగితే, లోకోపైలట్ మొదట చేసే పని దాన్ని వెలిగించడం. ఆ దీపం మిణుకుతుంటే ఎదురు బండి ఆగాలి. సహాయకుడు ముందుకు, గార్డు వెనుకకు డిటోనేటర్లు పట్టుకుని పోతారు. ప్రయాణికులు ఆ సమయంలో కిందకు దిగి పక్క లైను మీద నిలబడి ఫోటోలు తీసుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో! దయచేసి దిగితే పట్టాలకు దూరంగా, గట్టు వైపు దిగండి. పక్క లైను ఖాళీగా ఉన్నది కాదు, ఇంకా బండి రానిది.

బండ్లను తనంతట తానే ఆపే కవచ్ అనే రక్షణ వ్యవస్థ వస్తోంది కదా అని అడుగుతారు. మంచి వ్యవస్థ. ఎర్ర సిగ్నల్ దాటనివ్వదు, రెండు బండ్లు ఢీకొనకుండా చూస్తుంది. ప్రమాదం జరిగితే లోకోపైలట్ మీట నొక్కి చుట్టుపక్కల కవచ్ ఉన్న బండ్లను ఆపవచ్చు. ఆ మీట మాత్రం నాకు దేవుడిచ్చిన వరంలా అనిపిస్తుంది, 1200 మీటర్లు పరుగెత్తే పనిని అది ఒక్క క్షణంలో చేస్తుంది. అయితే పట్టా మీద పడ్డ బండరాయిని కవచ్ చూడలేదు. చెట్టును చూడలేదు. చూసేది మనిషి కన్నే.

పాయింట్ల సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. పాయింటు కదిలే నాలుక పట్టాకూ, పక్కనున్న స్థిర పట్టాకూ మధ్య చిన్న రాయి ఇరుక్కుంటే నాలుక పూర్తిగా అతుక్కోదు. ఆ సందులోకి చక్రం దూరితే బండి రెండు దారులుగా చీలుతుంది. అందుకే అక్కడ 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప బిళ్ల పెట్టి పరీక్ష చేస్తాం. అంత సందు ఉన్నా పాయింటుకు తాళం పడకూడదు, సిగ్నల్ పచ్చగా మారకూడదు. సిగ్నల్ రాలేదని బండి అరగంట ఆగితే ప్రయాణికులు విసుక్కుంటారు. చాలాసార్లు అక్కడ ఒక మనిషి వంగి, కంకర ముక్క ఏరుతూ ఉంటాడు.

లెవెల్ క్రాసింగుల దగ్గర గాడి కూడా అలాంటిదే. రోడ్డు దాటే చోట పట్టా లోపలి పక్కన చక్రపు అంచు పోవడానికి రెండంగుళాల పైచిలుకు గాడి వదులుతాం. అది మట్టితో నిండి గట్టిపడితే అంచు దాని మీదకు ఎక్కుతుంది. నా ఉద్యోగం మొదటి రోజుల్లో ఒక గేటు దగ్గర రోడ్డు పని చేసినవాళ్లు సాయంత్రం గాడిలో తారు, కంకర కుక్కి వెళ్లిపోయారు. గేట్‌మన్ చూసుకున్నాడు. గడ్డపారతో పొడిచాడు, రాలేదు. ఎర్ర జెండా పట్టుకుని ఎక్స్‌ప్రెస్‌ను ఆపాడు. బండి నలభై నిమిషాలు ఆలస్యం. పైనుంచి నాకు ఫోను మీద ఫోను. నేను ఆ కోపమంతా తీసుకెళ్లి అతని మీద చూపించాను. అతను ఏమీ మాట్లాడకుండా నన్ను గాడి దగ్గరకు తీసుకెళ్లాడు. వేలు పెట్టి చూశాను. రాయిలా ఉంది. అక్కడే అతనికి క్షమాపణ చెప్పాను. ఆ రోజు నుంచి బండి ఆపినందుకు నా కింద పనిచేసిన ఏ మనిషినీ నేను సంజాయిషీ అడగలేదు. అనుమానం వచ్చి ఆపితే, అది తప్పు అనుమానమైనా సరే.

రోడ్డు, రైలు కలిసే చోట జరిగినవి తలచుకుంటే నిద్ర రాదు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని గేటు దగ్గర బడి బస్సును రైలు ఢీకొంది. పదిహేను మందికి పైగా పసిపిల్లలు పోయారు. 2015 ఆగస్టు 24న అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర గ్రానైట్ రాయితో వస్తున్న లారీ గేటును చీల్చుకుని వచ్చి, బెంగళూరు నుంచి నాందేడ్ వెళ్లే ఎక్స్‌ప్రెస్‌ను గుద్దింది. ఆ రాయి పెట్టెలో పడింది. పోయినవారిలో కర్ణాటక శాసనసభ్యుడు ఒకరు ఉన్నారు. 2019 జనవరి చివరికి బ్రాడ్‌గేజి, అంటే వెడల్పు పట్టాల మార్గాల మీద కాపలా లేని గేట్లు లేకుండా చేశారు. అది చేయడానికి ఇంతమంది పిల్లలు కావలసి వచ్చిందా అని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

కొండల్లో వేరే భయం. కొంకణ్ రైల్వేలో 2003 జూన్ 22న వైభవ్‌వాడి దగ్గర కొండ చరియ విరిగి పట్టాల మీద పడితే 50 మందికి పైగా చనిపోయారు. ఏడాది తిరగకుండానే, 2004 జూన్‌లో మత్స్యగంధ ఎక్స్‌ప్రెస్‌కూ అదే గతి. తరువాత రాళ్లు జారకుండా ఉక్కు వలలు కట్టారు, వానాకాలంలో వేగం తగ్గించి వేరే సమయపట్టిక పెట్టారు. మనకు దగ్గరలో 2021 నవంబరు 12న, ధర్మపురి జిల్లాలో తొప్పూరు, శివాడి స్టేషన్ల మధ్య తెల్లవారుజామున కన్నూరు నుంచి బెంగళూరు వెళ్తున్న ఎక్స్‌ప్రెస్ మీద బండలు దొర్లాయి. నడుస్తున్న బండి మీదే పడ్డాయి. ఏడు పెట్టెలు పట్టాలు తప్పాయి. 2348 మంది ప్రయాణికులూ క్షేమంగా బయటపడ్డారు. మా విశాఖ వైపు కొత్తవలస–కిరండూల్ మార్గంలో వానాకాలమంతా ఇదే దిగులు. అక్కడ రాత్రుళ్లు దీపం పట్టుకుని సొరంగం దాటి నడిచే గస్తీ మనిషిని తలచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

కావాలని పెట్టేవారి సంగతి కూడా చెబుతాను. 2024 సెప్టెంబరు 8న కాన్పూర్ దగ్గర పట్టాల మీద గ్యాస్ సిలిండర్ పెట్టారు. కాళింది ఎక్స్‌ప్రెస్ దాన్ని ఢీకొంది, అదృష్టం బాగుండి పట్టాలు తప్పలేదు. రైల్వే చట్టం 150వ సెక్షన్ ప్రకారం దురుద్దేశంతో పట్టాల మీద రాయి, కర్ర పెట్టినా యావజ్జీవ శిక్ష దాకా పడుతుంది. అలాంటివారికి నేను చెప్పేదేమీ లేదు. అయితే ప్రతి ప్రమాదం జరిగిన గంటలోనే ఫోనులో "కుట్ర" అని పంపేవారికి ఒక మాట. విచారణ పూర్తయ్యేదాకా ఆగండి. కుట్ర అనేస్తే తెగిన కంచె గురించి, జారే కొండ గురించి అడిగేవారు ఉండరు.

చివరగా మీ చేతిలో ఉన్న పని. పట్టాల మీద అడ్డం చూస్తే రైల్వే సహాయ నంబరు 139కి ఫోను చేయండి. దగ్గరలో గేటు ఉంటే గేట్‌మన్ దగ్గర స్టేషనుకు ఫోను ఉంటుంది. పట్టాల పక్కనున్న కరెంటు స్తంభాల మీద గీతకు పైనా, కిందా ఉన్న అంకెలు చూశారా? పైది కిలోమీటరు, కిందది ఆ కిలోమీటరులో స్తంభం సంఖ్య. ఆ అంకెలు చెబితే ఊరి పేరు తెలియకపోయినా మావాళ్లు సరిగ్గా అక్కడికే వస్తారు. ఫోను చేసి అక్కడే నిలబడకండి. ఇద్దరుంటే ఇద్దరూ చెరో వైపు వెళ్లండి. జంట మార్గంలో బండ్లు మన రోడ్ల మీదలాగే ఎడమవైపు నడుస్తాయి, దాన్నిబట్టి ఎటు నుంచి వస్తుందో ఊహించవచ్చు. పట్టాల మధ్య కాదు, పక్కన పరుగెత్తండి. పగలయితే ఎర్ర గుడ్డ ఊపండి. గుడ్డ లేకపోతే రెండు చేతులూ తల మీదకు ఎత్తి నిలబడండి, లోకోపైలట్‌కు దాని అర్థం తెలుసు. రాత్రయితే ఎర్ర దీపం లేకపోయినా పరవాలేదు. మామూలు తెల్ల దీపాన్ని శరీరానికి అడ్డంగా ఆగకుండా గట్టిగా ఊపితే అది ఆగమనే సంకేతం. రూలు పుస్తకంలో అలాగే ఉంది. పులియరైలో ఆ పెద్దవాళ్లు ఊపింది ఆ దీపమే. ఇప్పుడు మీ అందరి ఫోనుల్లోనూ ఆ దీపం ఉంది.

ఆ మూలన చిన్నమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంది. అడుగమ్మా, అడుగు.